కోడ్ కనిపించగానే గడియారం చూడండి

(ఇళ్లలోని ఫ్రిజ్‌ల మరమ్మతు గురించి విజయవాడలో ఒక కాలనీ నివాసుల సంఘం ఆదివారం సాయంత్రం ఏర్పాటు చేసిన సభలో, ఐటీఐలో రిఫ్రిజిరేషన్ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన బోధకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో, సాయంత్రమైనా గాడ్పు తగ్గని వేళ వచ్చి కూర్చున్నారు. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు కుర్ర మెకానిక్‌లు కనిపిస్తున్నారు. వాళ్లను చూస్తే మరింత సంతోషంగా ఉంది. నేను చెప్పబోయేది ఇంట్లో వాళ్లకు ఎంత అవసరమో వాళ్లకూ అంతే అవసరం.

పోయిన నెలలో తెల్లవారుజామున ఫోను మోగింది. పక్క వీధి ఆవిడ. "మాస్టారూ, ఫ్రిజ్ మీద ఏవో అక్షరాలు వెలుగుతున్నాయి. కింద అర చల్లగా లేదు. మా వారి ఇన్సులిన్ లోపలే ఉంది" అన్నారు. గొంతులో కంగారు తెలుస్తోంది. ముందు ఆ ఇన్సులిన్ తీసుకువెళ్లి పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టమన్నాను. కింద అరలోనే పెట్టాలి, ఫ్రీజర్‌లో వద్దు అని రెండుసార్లు చెప్పాను. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టిందా, మళ్లీ కరిగినా పనికిరాదు. మనం ఫ్రిజ్ అంటే పాలు, పెరుగు, దోసెల పిండి అనుకుంటాం. ఎన్నో ఇళ్లలో అది మందుల బీరువా కూడా. అందుకే ఈ విషయం నాకు తేలికగా తీసుకోబుద్ధి కాదు.

తర్వాత ఆమెను రెండు ప్రశ్నలు అడిగాను. ఏ అక్షరాలు కనిపిస్తున్నాయి? ప్లగ్గు పీకి పెడితే పోయి, ఎంతసేపటికి తిరిగి వచ్చాయి? మొదటి ప్రశ్నకు జవాబు వెంటనే వచ్చింది: అది ఫ్రీజర్ ఫ్యాన్ కోడ్, అంటే చల్లగాలిని తిప్పే ఫ్యాన్ దగ్గర ఏదో తేడా ఉందని ఫ్రిజ్ చూపే గుర్తు. రెండోదానికి కాస్త ఆలోచించి, "మొదటిసారి పీకి పెడితే రెండు రోజులు బాగానే ఉందండీ. తర్వాత ఒక రోజే ఉంది. నిన్న రాత్రి పీకితే ఇప్పటికే వచ్చేసింది" అన్నారు. ఆ జవాబు వినగానే ఫ్యాన్ పోలేదని నాకు దాదాపు నమ్మకం కుదిరింది. అప్పటికే ఒక మెకానిక్ వచ్చి చూసి బోర్డు, అంటే ఫ్రిజ్‌ను నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్, మార్చాలి అన్నాడట. ధర వేలల్లో చెప్పాడట.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఆ రెండో ప్రశ్న గురించే. కోడ్ అర్థం పుస్తకంలో దొరుకుతుంది, ఫోనులో వెతికినా దొరుకుతుంది. అది ఎంతసేపటికి తిరిగి వచ్చిందన్నది మాత్రం ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మెకానిక్ వచ్చేసరికి ఆ సాక్ష్యం ఉండదు.

కోడ్ అంటే ఏమిటో ఒక్కసారి చూద్దాం. ఫ్యాన్ ఆగిందని బోర్డుకు ఎలా తెలుస్తుంది? దానికి కళ్లు లేవు. ఫ్యాన్‌కు వెళ్లే తీగల్లో ఒకటి కబురు తెచ్చే తీగ. ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ ఆ తీగ మీదుగా చిన్న చిన్న విద్యుత్ స్పందనలు వస్తూ ఉంటాయి. బోర్డు వాటిని లెక్కపెడుతూ ఉంటుంది. లెక్క ఆగిపోతే కాసేపు ఊరుకుని మళ్లీ తిప్పి చూస్తుంది. కొన్ని ప్రయత్నాల తర్వాత కోడ్ పెడుతుంది. ఎల్‌జీ ఫ్రిజ్‌లలో అది 'ఇ ఆర్ ఎఫ్ ఎఫ్' అని కనిపిస్తుంది. శాంసంగ్‌లో ఫ్రీజర్ ఫ్యాన్‌కు 21 పక్కన ఒక అక్షరం, కింద అర ఫ్యాన్‌కు 22 పక్కన ఒక అక్షరం వస్తాయి. మాట ఏదైనా దాని అసలు అర్థం ఒక్కటే: 'నాకు రావలసిన స్పందనలు రాలేదు'. ఎందుకు రాలేదో బోర్డుకు తెలియదు. మోటారు కాలిపోయి ఉండవచ్చు. కనెక్టర్ వదులై ఉండవచ్చు. ఎలుక తీగ కొరికి ఉండవచ్చు. రెక్కకు మంచు అడ్డం పడి ఉండవచ్చు. లెక్కపెట్టే భాగమే బోర్డులో దెబ్బతిని ఉండవచ్చు. కారణాలు అయిదు, కోడ్ ఒకటే. ఇందులో ఏదో తేల్చేది కాలం.

ఫ్రిజ్ మీద కోడ్ కనిపిస్తే ముందు ఫోనుతో ఫొటో తీయండి. తీయకుండా ప్లగ్గు పీకితే చాలా ఫ్రిజ్‌లలో ఆ కోడ్ చెరిగిపోతుంది. ఆ తర్వాత ప్లగ్గు పీకి అయిదు పది నిమిషాలు ఆగండి. ఆగడానికి కారణం ఉంది. కంప్రెసర్, అంటే గ్యాస్‌ను నొక్కి గొట్టాల్లో తిప్పే యంత్రం, ఆగిన వెంటనే లోపల ఒకవైపు ఒత్తిడి ఎక్కువగా, ఒకవైపు తక్కువగా ఉంటుంది. రెండూ సమానం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోగా బలవంతంగా తిప్పితే పాత రకం కంప్రెసర్ కదలలేక మూలుగుతుంది. ఆగిన తర్వాత ప్లగ్గు పెట్టి గోడ గడియారం చూసి టైము కాగితం మీద రాసుకోండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ నలభై ఏళ్లలో ఈ కాగితం ముక్క నాకు నిరోధం, వోల్టేజీ కొలిచే మీటరుకన్నా ఎక్కువసార్లు దారి చూపింది.

ప్లగ్గు పెట్టిన కొద్ది నిమిషాల్లోనే, లేదా గంటలోపే కోడ్ తిరిగి వస్తే అది సాధారణంగా తీగలు, కనెక్టర్లు, సెన్సర్, మోటారు వైపు దోషం. తెగిన తీగ అయిదు నిమిషాల విశ్రాంతితో అతుక్కోదు. ఒకటి రెండు రోజులు బాగా పనిచేసి తర్వాత వస్తే మంచును అనుమానించండి. మంచు పేరుకోవడానికి సమయం కావాలి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వస్తుంటే వోల్టేజీ చూడాలి. మిట్టమధ్యాహ్నం మాత్రమే వచ్చి రాత్రికి సర్దుకుంటుంటే ఫ్రిజ్ వెనక్కు వెళ్లి చూడండి. గోడకు ఆనించి ఉంటుంది, వెనక దుమ్ము అట్ట కట్టి ఉంటుంది, వేడి పోయే దారి ఉండదు. మన బెజవాడ ఎండలో ఇది ప్రతి వేసవిలో చూసేదే.

ఆ ఇంటి ఫ్రిజ్ రెండో రకం. పైగా రెండు రోజులు, ఒక రోజు, ఒక రాత్రి అంటూ గడువు తగ్గుతూ వచ్చింది. ఎందుకు తగ్గింది? పీకినప్పుడల్లా కాస్త మంచు కరిగింది. పూర్తిగా కరగలేదు. మిగిలిన మంచు మీద కొత్త మంచు చేరింది.

వాళ్లింటికి వెళ్లి ఫ్రీజర్ లోపలి వెనక పలక విప్పాను. విప్పడమే కష్టమైంది. మంచు దాన్ని లోపలి నుంచి పట్టుకుని ఉంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డ అద్దుతూ, అద్దుతూ వదులు చేశాను. పలక ఊడి వచ్చాక లోపల కాయిల్, అంటే చల్లదనం ఇచ్చే గొట్టాల వరస, కనిపించలేదు. తాటిముంజెలా పాలరంగులో మెరిసే దిమ్మె ఒకటి నిలబడి ఉంది. దాని పైఅంచు ఫ్యాన్ రెక్కకు తగులుతోంది. తగిలిన చోట మంచు మీద కత్తితో గీసినట్లు సన్నని అర్ధచంద్రం పడింది. "రెండు వారాలుగా రాత్రిపూట టక్ టక్ అని చప్పుడు వస్తోంది, బల్లేమో అనుకున్నాం" అన్నారు ఆవిడ. ఆ చప్పుడు రెక్క మంచును గీరుతున్న చప్పుడు. ఫ్యాన్ చక్కగా ఉంది. కరిగించాక వేలితో తాకితే గిర్రున తిరిగింది.

మంచు పడని ఫ్రిజ్ అని మనం కొనుక్కునే ఫ్రిజ్‌లోనూ మంచు పడుతుంది. కాకపోతే మనకు కనబడని చోట, ఆ పలక వెనక, కాయిల్ మీద పడుతుంది. రోజుకు ఒకటి రెండుసార్లో, అంతకు మించో కంప్రెసర్‌ను ఆపి, కాయిల్ కింద హీటర్ వెలిగించి, ఆ మంచును కరిగిస్తుంది. నీళ్లు గొట్టం గుండా వెనక కంప్రెసర్ మీది పళ్లెంలోకి దిగి ఆవిరైపోతాయి. పాత ఫ్రిజ్‌లలో ఈ పని ఒక టైమర్ చేసేది. ఇప్పుడు కంప్రెసర్ ఎంతసేపు తిరిగింది, తలుపు ఎన్నిసార్లు తీశారు అని బోర్డే లెక్క వేసుకుంటుంది. ఈ వరసలో ఎక్కడ తెగినా మంచు పెరుగుతుంది. హీటర్ కాలిపోవచ్చు, దానికి రక్షణగా పెట్టిన ఫ్యూజు పోవచ్చు, నీళ్ల గొట్టం పూడిపోవచ్చు. తలుపు రబ్బరు వదులైతే కరిగే దానికన్నా వచ్చి చేరే తేమే ఎక్కువవుతుంది.

తమ్ముళ్లూ, ఇక్కడ మీకొక మాట. హీటర్‌ను మీటరుతో చూడటం సులువు. 150 వాట్ల హీటర్ అయితే మన 230 వోల్టుల లెక్కన 350 ఓమ్‌ల దగ్గర చూపాలి. అనంతం చూపితే తెగినట్లు. కానీ బైమెటల్, అంటే చలిని బట్టి మూసుకుని తెరుచుకునే చిన్న స్విచ్చు, ఉన్న ఫ్రిజ్‌లో తొందరపడకండి. బైమెటల్‌ను బయటకు తీసి బల్ల మీద పెట్టి మీటరు పెడితే అది తెరుచుకునే ఉంటుంది. అది దాని ధర్మం. గడ్డకట్టే చలిలోనే అది మూసుకుంటుంది. బల్ల మీద తెరిచి ఉందని దాన్ని పోయినదిగా తేల్చి పారేసినవాళ్లను చాలామందిని చూశాను. పనిచేస్తున్న ఫ్రీజర్‌లో కాసేపు పెట్టి, తీసిన వెంటనే చూడండి.

ఆ ఇంట్లో హీటర్ బాగానే ఉంది. దాని వరసలో ఉన్న ఉష్ణ ఫ్యూజు, చిటికెన వేలి గోరంత వస్తువు, తెగిపోయింది. వందల రూపాయల్లో పోయే పని. దాన్ని మార్చి, తలుపు రబ్బరు కూడా చూశాను. పది రూపాయల నోటు తలుపుకు, ఫ్రిజ్‌కు మధ్య పెట్టి మూసి లాగితే కాస్త పట్టు తెలియాలి. కింది మూలన నోటు ఊరికే జారి వచ్చింది. రబ్బరు గాడిలో పిండి చుక్కలు ఎండి గట్టిపడ్డాయి. సబ్బునీళ్లతో తుడిస్తే పట్టు వచ్చింది. ఆ తర్వాత నెల రోజులుగా కోడ్ లేదు.

మంచు అని అనుమానం వస్తే మీరే చేసుకోదగిన పరీక్ష ఉంది. వస్తువులు తీసేసి, ప్లగ్గు పీకి, రెండు తలుపులూ బార్లా తెరిచి, కింద పాత తువ్వాళ్లు పరిచి ఒక రోజంతా వదిలేయండి. గంట రెండు గంటలు చాలవు. ఆ దిమ్మె లోపలి దాకా కరగాలి. తర్వాత మొదలుపెడితే వారం పది రోజులు చక్కగా చల్లబడి మళ్లీ మొరాయిస్తే, బోర్డు, ఫ్యాన్ అనే మాటలు పక్కన పెట్టి మంచు కరిగించే ఏర్పాటును చూడమని మెకానిక్‌కు చెప్పండి.

దయచేసి కత్తి పెట్టకండి. స్క్రూడ్రైవర్ పెట్టకండి. ఈ మాట చేతులు జోడించి చెబుతున్నాను. ఆ మంచు వెనక ఉన్నది పలచని అల్యూమినియం గొట్టం. ఒక్క పోటుతో ఫ్రిజ్ ఆయుష్షు తీరుతుంది. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఐసోబ్యూటేన్, ఆర్ 600ఎ అని వెనక చీటీ మీద రాసి ఉంటుంది. కొద్ది పదుల గ్రాములే ఉంటుంది గానీ అది మండే వాయువు. గొట్టం చిల్లు పడి బుస్సుమని చప్పుడు వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా, అగ్గిపుల్ల గీయకుండా కిటికీలు తెరవండి.

ఇక వెంటనే తిరిగి వచ్చే కోడ్‌ల సంగతి. ఇవి ఎక్కువగా సెన్సర్లవి. ఫ్రిజ్‌లో సెన్సర్ అంటే బియ్యపు గింజకన్నా కాస్త పెద్దదైన ఒక నిరోధకం. చల్లబడేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. తీగ తెగితే నిరోధం అనంతమవుతుంది, రెండు తీగలూ కలిస్తే సున్నా అవుతుంది. రెండూ బోర్డు నమ్మలేని విలువలే. అందుకే గొడవ లేకుండా వెంటనే కోడ్ పెడుతుంది. సెన్సర్ సగం చెడితేనే చిక్కు. తేమ చేరి తప్పుడు విలువ చెబుతుంది గానీ, ఆ విలువ నమ్మదగినట్లే ఉంటుంది. కోడ్ రాదు. కింద అరలో కొత్తిమీర గడ్డకడుతుంది, లేదంటే పాలు విరుగుతాయి. కోడ్ లేదు కాబట్టి దోషం లేదనుకోకండి. అయితే అంతకుముందు గాలి వచ్చే రంధ్రానికి అడ్డంగా సాంబారు గిన్నె పెట్టారేమో చూడండి. సగం ఇళ్లలో అదే.

ఎలుకలు, చీమలు, బల్లులు కూడా మన దేశంలో ఫ్రిజ్ మరమ్మతులో భాగమే. వెనక కింది భాగం వెచ్చగా ఉంటుంది కాబట్టి అక్కడ చేరతాయి. బోర్డు మీద రెండు లోహపు పిన్నుల మధ్య బల్లి పడి మాడిపోయిన సందర్భాలు ఎన్నో చూశాను. బోర్డు మూత ఊడిపోతే వెంటనే పెట్టించండి. మీరు మాత్రం ఆ మూత తీసి చెయ్యి పెట్టవద్దు. ఇన్వర్టర్ ఫ్రిజ్, అంటే కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చుకునే రకం, దాని బోర్డు మీద 230 వోల్టుల కరెంటు 325 వోల్టుల డీసీగా మారి కెపాసిటర్‌లో నిలవ ఉంటుంది. ప్లగ్గు పీకినా అది కాసేపు అక్కడే ఉంటుంది.

(సభలోంచి ఒకరు: స్టెబిలైజర్ అవసరం లేదని కొట్టువాళ్లు చెప్పారండీ. నిజమేనా?)

మంచి ప్రశ్న. ఇన్వర్టర్ ఫ్రిజ్‌లు చాలావరకు వోల్టేజీ తగ్గినా పెరిగినా కొంత మేరకు తట్టుకుంటాయి. ఏ మేరకో వాటి పుస్తకంలో రాసి ఉంటుంది. అంతవరకు వాళ్ల మాట నిజమే. కానీ స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగితే ఇంట్లోకి 230 బదులు 400 దాకా రావచ్చు. దాన్ని ఏ ఫ్రిజ్ తట్టుకోదు. మీ వీధిలో ఇలాంటివి జరుగుతుంటే, వోల్టేజీ మితిమీరినప్పుడు కరెంటు ఆపేసే రకం స్టెబిలైజర్ పెట్టుకోండి. న్యూట్రల్ పోయిన రోజు బోర్డు మీద ముందు పోయేది నీలిరంగు బిళ్లలా ఉండే వేరిస్టర్, దాని పక్కన ఫ్యూజు. అవి తాము కాలి మిగతా బోర్డును చాలాసార్లు కాపాడతాయి. ఆ రెండూ మారిస్తే బతికే బోర్డులు ఉన్నాయి. అందుకే బోర్డు పోయిందన్న ప్రతిసారీ, 'ఏ భాగం పోయింది?' అని అడగండి. మార్చిన పాత బోర్డు మీకు ఇచ్చి వెళ్లమనండి. బిల్లు తీసుకోండి. అన్యాయం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915 ఉంది.

తమ్ముళ్లకు ఇంకొక హెచ్చరిక. పాత కంప్రెసర్‌కు రిలే తీసి నేరుగా కరెంటు ఇచ్చి చూసే అలవాటు ఉంది మనకు. ఇన్వర్టర్ కంప్రెసర్‌కు అలా ఇస్తే అది కాలిపోతుంది. దాని మూడు పిన్నులలో ఏ రెండింటి మధ్య చూసినా నిరోధం సమానంగా ఉండాలి. ముందు అది చూడండి. బోర్డు మీద చిన్న దీపం ఉంటే అది ఎన్నిసార్లు వెలిగి ఆరుతోందో లెక్కపెట్టండి. బయట తెర లేని ఫ్రిజ్‌కు ఆ లెక్కే కోడ్.

గ్యాస్ అయిపోయింది అనే మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఫ్రిజ్‌లో గ్యాస్ వంటగ్యాస్ లాగా ఖర్చు కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే కారింది అని అర్థం. ఎక్కడ కారిందో చూపకుండా నింపితే మళ్లీ పోతుంది. ఫ్యాన్ కోడ్ వచ్చిందని గ్యాస్ నింపిన ఇళ్లు ఉన్నాయి! పలక విప్పినప్పుడు కాయిల్ మీది మంచే నిజం చెబుతుంది. కాయిల్ అంతా ముగ్గుపిండి చల్లినట్లు సమంగా, పలచగా ఉంటే గ్యాస్ బాగున్నట్లు. మొదటి ఒకటి రెండు వరసల మీదే తెల్లగా పట్టి మిగతా గొట్టం బోడిగా ఉంటే అప్పుడు గ్యాస్ గురించి మాట్లాడవచ్చు. దిమ్మెలా ఉంటే ఇందాక చెప్పిన హీటర్ కథ.

అన్ని అక్షరాలూ దోషాలు కావు. లోపల దీపం వెలుగుతుంది, తెర వెలుగుతుంది, చల్లదనం మాత్రం లేదు. తెర మీద ఆఫ్ అన్నట్లు అక్షరాలు ఉంటాయి. అది కొట్టులో ప్రదర్శనకు పెట్టే తీరు. కొన్ని బటన్లు కలిపి కాసేపు నొక్కితే అందులోకి వెళ్తుంది. పిల్లలు ఆడుకుంటూ నొక్కేస్తారు. బయటకు తెచ్చే బటన్లు ఏవో ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటాయి. మెకానిక్‌ను పిలిచే ముందు ఒక్కసారి అది చూడండి.

ఒక్క సందర్భంలో మాత్రం నేను చెప్పిన ప్లగ్గు పరీక్ష చేయకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మీలో ఆ నీళ్లలో నిలబడినవాళ్లు ఉన్నారు. నీళ్లు తీయగానే ఆశగా ప్లగ్గు పెట్టి చూసిన ఇళ్లలో, ఆరబెట్టి ఉంటే బతికే బోర్డులు కాలిపోయాయి. బురద పట్టిన బోర్డు మంచినీళ్లతో కడిగి, రోజుల పాటు ఆరబెట్టి, తనిఖీ చేశాకే కరెంటు చూడాలి. ఒక తల్లి తలుపు తెరిచి పట్టుకుని, అరల్లోంచి బురద చేత్తో తోడుతూ, "ఇంకా రెండు వాయిదాలు కట్టాలి మాస్టారూ" అన్నది నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఫ్రిజ్ మళ్లీ పనిచేసింది. ఆమె ప్లగ్గు పెట్టలేదు కాబట్టి పనిచేసింది.

ఇప్పుడు ఈ బల్ల దగ్గరకు రండి. ఇది ఫ్రిజ్ సెన్సర్. దీని విలువ 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు. మీ ఫ్రిజ్‌లోది వేరుగా ఉండవచ్చు. ఇది మీటరు. ఈ గ్లాసులో ఐసు ముక్కలు, నీళ్లు ఉన్నాయి. బాగా కలిపితే సున్నా డిగ్రీలు. దీనికన్నా నమ్మకమైన థర్మామీటరు మన వంటింట్లో మరొకటి లేదు. అమ్మాయీ, నువ్వు రా, మీటరు చదువు. ఆరున్నర కిలో ఓమ్‌లా? సరిపోయింది, ఈ హాలు 35 డిగ్రీలు ఉంది మరి. ఇప్పుడు సెన్సర్‌ను గ్లాసులో వేస్తున్నాను. గట్టిగా చదువు, వెనక వాళ్లకు వినిపించాలి. పన్నెండు... పంతొమ్మిది... ఇరవై ఆరు... ఆగు, ఇంకా పెరుగుతుంది. ముప్పై రెండు, ముప్పై మూడు దగ్గర నిలవాలి. నిలిచిందా? అయితే ఈ సెన్సర్ మంచిది. దీన్ని మార్చాలని ఎవరైనా అంటే ఈ గ్లాసు తెచ్చి వాళ్ల ముందు పెట్టండి. తర్వాత ఎవరు చదువుతారు?